మూడో రోజు గురించి ముందే చెప్పిన న్యూరో ఐసీయూ (బెంగళూరు, మా నాన్న స్ట్రోక్, మెదడు వాపు)

హాస్పిటల్ పేరు పెట్టట్లేదు, ముందే చెప్తున్నా. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఇంకా తేలలేదు, తేలేదాకా పేర్లు వద్దని మా ఆయన గట్టిగా చెప్పారు, మొదట తీసుకెళ్ళిన చోటు పేరైతే ఎప్పటికీ పెట్టను. రెండూ బెంగళూరులోనే, ఔటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లోనే. పేరు లేకుండా రివ్యూ ఏంటి అంటారేమో, ఇంట్లో ఒకళ్ళకి పెద్ద స్ట్రోక్ (పక్షవాతం) వస్తే న్యూరో ఐసీయూని ఏం చూసి నమ్మాలో తెలీక మాకు ఒకటిన్నర రోజు పోయింది, ఆ సంగతి రాయకుండా ఉండలేకపోతున్నా.

మాది పలమనేరు పక్కన. నాన్నకి 57, బీపీ ఉంది, టాబ్లెట్ ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మానేసే రకం. మనవరాలి పుట్టినరోజుకని అమ్మా నాన్నా మారతహళ్ళిలో మా ఇంటికి వచ్చారు. సోమవారం రాత్రి పదింటికి బాగానే పడుకున్నారు. మంగళవారం తెల్లారి ఐదున్నరకి అమ్మ లేపితే ఎడమ చెయ్యి లేవలేదు, మూతి ఒక పక్కకి పోయింది, మాట ముద్దగా వస్తుంది. ఆరున్నరకల్లా దగ్గర్లో ఉన్న హాస్పిటల్లో ఉన్నాం. సీటీ తీశారు, రక్తస్రావం లేదు, స్కాన్‌లో పెద్దగా ఏం లేదు అన్నారు. ఆ మాటకి మేము ఎంత సంతోషపడ్డామో. క్లాట్ స్ట్రోక్ అయితే, అంటే రక్తం గడ్డకట్టి మెదడు నాళం మూసుకుపోయి వచ్చేదైతే, మొదటి గంటల్లో సీటీలో సరిగ్గా కనపడకపోవచ్చని అప్పుడు మాకేం తెలుసు. క్లాట్ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, నిద్రలో వచ్చింది కాబట్టి ఎప్పుడు మొదలైందో తెలీదు, ఇవ్వలేం అన్నారు, అది నేను అర్థం చేసుకోగలను. కానీ పెద్ద నాళంలో క్లాట్ ఉంటే తొడ దగ్గర నుంచి తీగ పంపి లాగేసే ప్రొసీజర్ ఒకటుందని, కొంతమందికి 24 గంటల దాకా చేయొచ్చని, దానికి వేరే చోటికి పంపిస్తే అక్కడ చూస్తారని ఒక్కళ్ళు కూడా నోరు విప్పి చెప్పలేదు. నాకు ఇప్పటికీ కడుపు రగిలేది అక్కడే.

బుధవారం పొద్దున నాన్న బాగా పడుకుంటున్నారు. గురక కూడా. డ్యూటీలో ఉన్నాయన చూసి, రెస్ట్ కావాలమ్మా పడుకోనివ్వండి అన్నాడు. తల కింద రెండు దిండ్లు పెట్టి ఉన్నాయి, మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనుకునుంది, మేమూ చూస్తూ కూర్చున్నాం, హాయిగా నిద్రపోతున్నారని. మధ్యాహ్నం మూడింటికి మా పక్క ఫ్లాట్‌లో ఉండే కుప్పం అమ్మాయి చూడ్డానికి వచ్చింది, తను వేరే హాస్పిటల్లో స్టాఫ్ నర్స్. వచ్చీ రాగానే నాన్నని గట్టిగా పిలిచింది, పలకలేదు, భుజం మీద గిల్లింది, కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేశారు. ఫోన్ టార్చ్ వేసి రెండు కళ్ళూ చూసింది. నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, "అక్కా, ఇది నిద్ర కాదు, మగత. ఇక్కడ న్యూరో సర్జన్ ఉన్నాడా కనుక్కో" అంది. కనుక్కుంటే లేడు, పిలిస్తే వస్తాడంట, ఎప్పుడొస్తాడో తెలీదంట.

నిద్రకీ మగతకీ తేడా ఆ పిల్ల చెప్పేదాకా మాకు తెలీదు. నిద్రపోయే మనిషిని గిల్లితే విదిలించుకుంటాడు, తిడతాడు, లేచి ఏంది అంటాడు. మగతలో ఉన్న మనిషి లేచినట్టే లేచి మళ్ళీ లోపలికి జారిపోతాడు.

నిమ్హాన్స్‌కి వెళ్దామా అని కూడా అనుకున్నాం, న్యూరో అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది హోసూర్ రోడ్డు మీద ఉన్న అదే కదా, కానీ ఆ టైమ్‌లో సిల్క్ బోర్డ్ దాటాలంటే ఎంతసేపు పడుతుందో ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, అందుకని ఆ అమ్మాయి ఫోన్లు చేసి 24 గంటలూ న్యూరో సర్జన్, సీటీ, ఆపరేషన్ థియేటర్ మూడూ ఉన్న దగ్గరి చోటికి మాట్లాడింది. నేను రివ్యూ రాసేది ఆ రెండో హాస్పిటల్ గురించి. పావుతక్కువ ఐదుకి అక్కడున్నాం.

వాళ్ళు చేసిన మొదటి పని మంచం తల వైపు ఎత్తడం. 30 డిగ్రీలు, మంచానికి కొలత గీతలు ఉంటాయి, వాటిని చూసి ఎత్తారు. దిండ్లు తీసేశారు, మెడ నిటారుగా ఉండేలా రెండు వైపులా టవల్ చుట్టలు పెట్టారు. అది చూసి అమ్మ, ఇదేం పెద్ద వైద్యం అన్నట్టు నా మొహం చూసింది. సిస్టర్ చెప్పింది, మెడ వంగితే తల నుంచి కిందికి వచ్చే రక్తం అడ్డం పడుతుంది, లోపల ప్రెషర్ పెరుగుతుంది అని. అంటే అప్పటిదాకా ఆ రెండు దిండ్ల మీద నాన్నని మేమే చూసుకుంటూ కూర్చున్నాం.

మళ్ళీ సీటీ. కుడి వైపు సగం మెదడు నల్లగా మసక పట్టినట్టుంది, మధ్యలో ఉండాల్సిన గీత 9 మిల్లీమీటర్లు ఎడమకి జరిగింది. న్యూరో సర్జన్ కన్నడాయనే కానీ తెలుగు బాగా వచ్చు, స్కాన్ స్క్రీన్ ముందు మమ్మల్ని కుర్చీలేసి కూర్చోబెట్టాడు. ఇది మాత్రం ఎన్ని సార్లైనా చెప్తా, కూర్చోబెట్టి చెప్పాడు. "పాదం వాస్తే చర్మం సాగుతుందమ్మా, పుర్రె సాగదు. లోపల ఉండేవి మూడే, నూటికి 80 వంతులు మెదడు, 10 రక్తం, 10 నీరు. మెదడు ఉబ్బితే ముందు ఆ నీరు, రక్తం పక్కకి తప్పుకుని చోటిస్తాయి. అవి తప్పుకునేదాకా మనిషి బాగానే ఉన్నట్టు కనపడతాడు. ఆ చోటు అయిపోయాక ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది, అప్పుడు మెదడు కిందికి, వెన్నుపాము వైపు దిగడానికి చూస్తుంది, ఊపిరి ఆడించే భాగం అక్కడే ఉంది" అన్నాడు. తర్వాత అన్న మాట: "క్లాట్ స్ట్రోక్‌లో వాపు మామూలుగా మొదటి రోజు పెద్దగా ఉండదు. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా పెరుగుతుంది. మీకు అసలు గండం మూడో రోజు."

మూడో రోజు అన్న మాట మా వైపు ఎవరూ మంచికి వాడరు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకి అది తెలుసో ఏమో, వెంటనే, "అందుకే అమ్మా రెండో రోజే చేద్దామంటున్నా" అన్నాడు.

చేద్దామన్నది పుర్రె ఎముక తీసేయడం. కుడి వైపు కనీసం 12 సెంటీమీటర్ల ముక్క, అంటే అరచెయ్యంత, తీసేసి ఉబ్బే మెదడుకి బయటికి దారి ఇవ్వడం. దాచకుండా లెక్క చెప్పాడు: ఇలాంటి పెద్ద స్ట్రోక్ మీద ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్‌లో చేసిన మూడు ట్రయల్స్ కలిపి 2007లో చూశారంట, 60 లోపు వయసువాళ్ళకి 48 గంటల్లోపు చేస్తే. ఆపరేషన్ లేకుండా పదిమందిలో ఏడుగురు పోయారు, చేసినవాళ్ళలో పదికి ఇద్దరు. కానీ చచ్చిపోయిన భాగం దీనితో తిరిగి రాదు, మిగతా మెదడు నలిగిపోకుండా కాపాడుకోవడమే, బతికినవాళ్ళలో చాలామందికి చెయ్యి కాలు సరిగ్గా రావు, కొందరు జీవితాంతం మంచం మీదే ఉంటారు, ఆ సంగతి ఆలోచించుకునే సంతకం పెట్టండి అన్నాడు. సోమవారం రాత్రి పది నుంచి లెక్కేస్తే 48 గంటలు ఆ రాత్రి పదికి నిండుతాయి. మాకు ఇచ్చిన టైమ్ గంట. తమ్ముడు పలమనేరు నుంచి ఇంకా కోలార్ కూడా దాటలేదు, ఫోన్‌లోనే, "అక్కా నువ్వు పెట్టెయ్ సంతకం" అన్నాడు. పెట్టా. ఏడున్నరకి లోపలికి తీసుకెళ్ళారు.

ఆ గంటలో ఇంకో గొడవ, బాబాయి ఊర్నుంచి ఫోన్ చేసి డెక్సా (స్టెరాయిడ్) ఇంజెక్షన్ వేయించండి వాపు దిగిపోద్ది, ఇక్కడ ఆర్ఎంపీ చెప్పాడు అని ఒకటే పోరు. నేనూ అడిగేశా డాక్టర్ని. ఆయన కోప్పడలేదు. వాపుల్లో రకాలున్నాయమ్మా అన్నాడు, మెదడులో ట్యూమర్ గడ్డ చుట్టూ వచ్చే వాపు రక్తనాళాల నుంచి నీరు కారి వచ్చేది, దానికి డెక్సామెథాసోన్ చాలా బాగా పనిచేస్తుంది, స్ట్రోక్‌లో అలా కాదు, రక్తం అందని కణమే నీళ్ళు తాగి ఉబ్బుతుంది, దానికి స్టెరాయిడ్‌తో లాభం లేదు, షుగర్ పెరిగి ఇన్ఫెక్షన్లు వస్తాయి. తలకి దెబ్బ తగిలినవాళ్ళకైతే ఇంకా చెరుపే, క్రాష్ అని ఒక ట్రయల్ పదివేల పైన మందితో చేసి 2004లో బయటపెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళలోనే ఎక్కువమంది చనిపోయారు అన్నాడు. ఊళ్ళో ఎవరైనా తల దెబ్బకి డెక్సా పొడుస్తుంటే దయచేసి ఆపండి.

ఇంకోటి. మెదడు వాపు అనగానే మా చుట్టాలు సగం మంది, అది దోమలవల్ల, పందులవల్ల వచ్చేది కదా, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు అన్నారు. మన పేపర్లలో మెదడువాపు వ్యాధి అని రాసేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అది వైరస్, అందులోనూ మెదడు వాస్తుంది నిజమే, కానీ నాన్నది అది కాదు. డాక్టర్లు ఎడీమా అంటారు. ఎడీమా అనేది జబ్బు పేరు కాదు, వేరే జబ్బు దేన్నుంచైనా వచ్చే వాపు.

అది ఎన్ని రకాలుగా వస్తుందో వెయిటింగ్ హాల్లో తొమ్మిది రోజులు కూర్చుంటే తెలిసింది, హాల్లో సగం మంది మన తెలుగువాళ్ళే. కడప పిల్లాడు, సర్వీస్ రోడ్డులో బైక్ స్కిడ్ అయి పడ్డాడు, హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకున్నాడంట, వాడి తలలో ప్రెషర్ కొలిచే వైరు పెట్టారు, మామూలుగా 15 లోపు ఉండాలి, 22 దాటితే మందు, వాళ్ళన్న ప్రతి గంటకీ లోపలికి తొంగి చూసి ఆ నెంబర్ చెప్పేవాడు. హిందూపురం పెద్దావిడ, వాంతులు విరేచనాలతో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చాయి, రక్తంలో ఉప్పు తగ్గితే నీళ్ళు మెదడు కణాల్లోకి పోతాయంట, దాన్ని ఎక్కించడం కూడా మెల్లగా చేయాలంట, తొందరపడితే అది ఇంకో ప్రమాదం. కర్నూలు ఆవిడకి మెదడులో ట్యూమర్ గడ్డ. ఆవిడ సంగతి చూసి నాకు డాక్టర్ చెప్పిన డెక్సా మాట కళ్ళకు కట్టినట్టు అర్థమైంది, వచ్చిన రోజు కూతురి పేరు కూడా చెప్పలేకపోయింది, రెండు రోజులు డెక్సా పడ్డాక కూతుర్ని పిలిచి, జడ ఎవరేశారే ఇంత లూజుగా అంది.

నాన్న సంగతికి వస్తా. ఆపరేషన్ బాగా జరిగింది. తీసిన ఎముక ఏం చేశారని అడిగితే, పొట్ట చర్మం కింద పెట్టి కుట్టేశాం, మళ్ళీ తలకి పెట్టేదాకా అక్కడే ఉంటుంది అన్నారు, కొన్ని చోట్ల డీప్ ఫ్రీజర్‌లో పెడతారంట. అమ్మ నమ్మలేదు. నాలుగో రోజు సిస్టర్ తన చెయ్యి పట్టుకుని నాన్న పొట్ట మీద పెట్టించింది, బొడ్డు పక్కన చిప్పలాగా గట్టిగా తగులుతుంది, అప్పుడు నమ్మింది. మంచం తలగడ పైన గోడకి పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించారు, కుడి వైపు ఎముక లేదు అని, కన్నడలో ఇంగ్లీషులో రెండిట్లో, ఎవరు పక్కకి తిప్పినా ఆ వైపు ఆనించకూడదని. షిఫ్ట్ మారినప్పుడు వెళ్ళే సిస్టర్ వచ్చే సిస్టర్‌కి ఆ కాగితాన్ని వేలుపెట్టి చూపించి మరీ అప్పగించేది.

సిస్టర్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రతి గంటకీ టార్చ్ వేసి రెండు కంటిపాపలు చూడాలి, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉంటే ఎమర్జెన్సీ. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారా, మాట్లాడుతున్నారా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నారా, మూడిటికీ మార్కులేసి కలుపుతారు, 3 నుంచి 15 దాకా, గ్లాస్గో స్కోర్ అంటారు. నాన్న వచ్చినప్పుడు 9. బీపీ పెరుగుతూ నాడి నెమ్మదిస్తుంటే కూడా భయపడాల్సిందే అని చెప్పారు, మాకేమో బీపీ ఒక్కటే తెలుసు. మెదడు వాపు తగ్గించే మానిటాల్ అనే మందు ఎక్కించే ముందు బాటిల్‌ని లైట్‌కి ఎదురుగా ఎత్తి చూసేవాళ్ళు, ఏసీ చల్లదనానికి దాంట్లో స్ఫటికాలు కట్టుకుంటాయి, పంచదార పాకం పట్టినట్టు సన్నగా మెరుస్తాయి, అలా కనపడితే వేడినీళ్ళలో పెట్టి కరిగించి చల్లారాక, ఫిల్టర్ ఉన్న సెట్‌తో ఎక్కించేవాళ్ళు. 100 మిల్లీలీటర్లు ఇరవై నిమిషాల్లో పోవాలి. అది మెదడులో నీటిని రక్తంలోకి లాగి కిడ్నీల ద్వారా బయటికి పంపిస్తుంది, యూరిన్ బ్యాగ్ గంటలో నిండిపోయేది. తర్వాత కిడ్నీ రిపోర్ట్ కొంచెం పెరిగిందని దాన్ని ఆపి 3 శాతం ఉప్పు సెలైన్‌కి మార్చారు, ఆరు గంటలకోసారి సోడియం చూసేవాళ్ళు.

గురువారం, అదే ఆ మూడో రోజు, నాన్న అసలు కళ్ళు తెరవలేదు. తల కుడి వైపు కట్టు కింద ఉబ్బెత్తుగా ఉంది. డాక్టర్ ముందు రోజు రాత్రే చెప్పి ఉన్నాడు, రేపు మీ నాన్న ఇంకా డల్‌గా ఉంటారు, తల ఉబ్బి కనపడుతుంది, లోపల నలగాల్సింది బయటికి వచ్చింది అనుకోండి, కంటిపాపలు సమానంగా ఉన్నంతవరకు నేను భయపడను, మీరూ పడొద్దు. అలా చెప్పకపోయుంటే ఆ రోజు మేము ఏమైపోయేవాళ్ళమో, అమ్మ ఖచ్చితంగా తట్టుకునేది కాదు. శనివారం పొద్దున సిస్టర్ పరిగెత్తుకుంటూ వచ్చి నాన్న వేలు చూపిస్తే పట్టుకున్నారని చెప్పింది. ఆదివారం నన్ను చూసి, "టీ తాగినావా పాపా" అన్నారు.

బాగోలేనివి కూడా రాయాలి. బిల్లింగ్ కౌంటర్ ఘోరం, ప్రతి రోజూ పొద్దున్నే ఇంకో యాభై వేలు కట్టండని ఫోన్, ఐసీయూలో ఏం జరిగిందో చెప్పే ఫోన్ కంటే ఆ ఫోన్ ముందొచ్చేది. ఇన్సూరెన్స్ డెస్క్ రాత్రి ఎనిమిదికి మూసేస్తారు, మాకు అప్రూవల్ రెండో రోజు దాకా రాలేదు. మొత్తం ఏడు లక్షలు దాటింది, అందులో కాటన్, గ్లవ్స్ లాంటి కన్స్యూమబుల్స్ అని క్లెయిమ్‌లో కోసేసినవి చాలా ఉన్నాయి. మింగడం వచ్చిందో లేదో చూసే టెస్ట్ ఒక రోజు ఆలస్యం చేశారు, అదీ నేను అడిగితేనే, అప్పటిదాకా ముక్కు గొట్టమే. ఫిజియో వార్డుకి మారాక బాగానే వచ్చాడు కానీ ఆదివారం రాడు. వెయిటింగ్ హాల్లో ఆడవాళ్ళు రాత్రి పడుకోడానికి చోటు లేదు, కుర్చీల్లోనే. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు తీసుకుంటారా లేదా అన్నది అడ్మిషన్‌కి ముందే అడిగి తెలుసుకోండి, మాకు ఆ హడావుడిలో గుర్తురాలేదు.

వైద్యానికి ఐదుకి ఐదు. బిల్లింగ్‌కి ఒకటి. మొదటి హాస్పిటల్‌కి స్టార్లు ఇచ్చే మనసు లేదు.

ఇప్పుడు నాలుగు నెలలు. నాన్న కర్రతో హాల్ నుంచి బాత్రూమ్ దాకా నడుస్తున్నారు, ఎడమ చెయ్యి మాత్రం పిడికిలి విప్పుకోవట్లేదు. తల ఒక పక్క లోపలికి గుంటపడి ఉండేది, బయటికి వెళ్తే హెల్మెట్ పెట్టేవాళ్ళం, మా పాప దానికి స్టిక్కర్లు అంటించింది. పోయిన నెల పొట్టలోంచి ఎముక తీసి మళ్ళీ తలకి పెట్టారు. దానికి ముందు రోజు సాయంత్రం అదే డాక్టర్ వచ్చి ఆపరేషన్ సంగతి చెప్పి వెళ్ళబోతుంటే, ఎప్పుడూ నోరెత్తని అమ్మ తలుపు దగ్గర ఆపేసింది. "సార్, ఈసారి మూడో రోజు ఏమవుద్ది?" అని అడిగింది. ఆయన వెనక్కి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జ్వరం రావచ్చు, కుట్ల దగ్గర నీరు చేరవచ్చు, ఫిట్స్ రావచ్చు, అవేమీ లేకపోతే ఐదో రోజు ఇంటికి అన్నాడు. అమ్మ ఒక్కోటి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుని, ఫిట్స్ వస్తే మేమేం చేయాలో అది కూడా చెప్పి పొమ్మంది.